తలసీమియా, డేవిడ్ వెదరాల్, మన మేనరికాలు: తెలిసినవాళ్ళు రాయండి

ల్యాబ్_మాష్టారు (నెల్లూరు)

పోయిన వారం ఇంకో థ్రెడ్‌లో ఎవరో రాశారు, "తలసీమియా ఫారిన్ జబ్బు, మన వైపు ఎక్కడుంది?" అని. జవాబు రాద్దామని చూసేసరికి ఆ చర్చ రొయ్యల రేట్ల మీదికి మళ్ళిపోయింది. అందుకే ఇక్కడ వేరే పెడుతున్నా. తలసీమియా అంటే తల్లిదండ్రుల నుంచి వచ్చే రక్తం జబ్బు. ముందే చెప్తున్నా, నేను డాక్టర్ని కాదు. ల్యాబ్‌లో పనిచేసి రిటైరయ్యాను. మైక్రోస్కోపు కింద రక్తం చూసిన అనుభవం తప్ప వేరే అర్హత లేదు.

ఫారిన్ జబ్బు అనే మాట ఊరికే పుట్టలేదు. 1925లో అమెరికాలో, డెట్రాయిట్‌లో థామస్ కూలీ అనే పిల్లల డాక్టరు దీన్ని విడిగా గుర్తించాడు. మొదట్లో బయటపడిన పిల్లలంతా ఇటలీ, గ్రీసు నుంచి వలస వచ్చిన కుటుంబాలవాళ్ళు. దాంతో ఇది మధ్యధరా సముద్రం చుట్టుపక్కల వాళ్ళకే వస్తుందని చాలా కాలం నమ్మారు.

ఇక ఈ జబ్బు మీద పనిచేసి పేరు తెచ్చుకున్న ఇంగ్లీషు డాక్టరు డేవిడ్ వెదరాల్ కథ. లివర్‌పూల్‌లో 1956లో డాక్టరు చదువు పూర్తి చేశాడు. ఆ రోజుల్లో ఇంగ్లండ్ కుర్రాళ్ళు కొంతకాలం తప్పనిసరిగా సైన్యంలో పనిచేయాలి. ఈయన్ని సింగపూర్ పంపి మిలిటరీ ఆసుపత్రిలో పిల్లల వార్డు అప్పజెప్పారు. అక్కడ ఒక గూర్ఖా సైనికుడి కూతురు ఉంది, పసిబిడ్డ. రక్తం ఎక్కించి ఎక్కించి బతికిస్తున్నారు. ఎక్కించిన కొన్నాళ్ళకే మళ్ళీ పాలిపోతుంది. ఎందుకో ఎవరికీ తెలీదు. సరైన పరికరాలు లేకపోతే కారు బ్యాటరీలు, ఫిల్టర్ పేపరు పెట్టి హిమోగ్లోబిన్‌ను విడగొట్టే ఏర్పాటు చేసుకున్నాడు. తేలిందేమిటంటే, ఆ నేపాలీ పాపకి తలసీమియా. అది పత్రికలో అచ్చు వేయించాడు. సైన్యంలో పై అధికారులకి ఒళ్ళు మండింది. మహారాణిగారి గూర్ఖాల వంశంలో లోపం ఉందని లోకానికి చాటుతావా అని చీవాట్లు పెట్టారట.

నేను ఈ కథ ఎందుకు ఎత్తానంటే, ఆ అధికారులు అన్న మాటకీ మన ఇళ్ళలో "మా వంశంలో అట్టాంటివి లేవు" అనే మాటకీ తేడా నాకు కనపడలేదు.

కావలి_కుర్రోడు

మాష్టారూ, బాగుంది. కానీ నేను కామర్స్. హిమోగ్లోబిన్‌లో లోపం అంటే ఐరన్ తక్కువ అనే అనుకున్నా ఇన్నాళ్ళు. తలసీమియా అంటే అసలు ఏం తక్కువ?

ల్యాబ్_మాష్టారు (నెల్లూరు)

హిమోగ్లోబిన్ అనేది నాలుగు గొలుసులు కలిసిన ప్రోటీన్. రెండు ఆల్ఫా, రెండు బీటా. ఐరన్ వాటిలో కూర్చుంటుంది. ఐరన్ ఎంత ఉన్నా గొలుసులే సరిగా తయారు కాకపోతే హిమోగ్లోబిన్ తయారు కాదు. బీటా గొలుసు తయారీకి సూచన 11వ క్రోమోజోమ్ మీద ఉంది, ఆల్ఫాకి 16వ దాని మీద. మన దేశంలో ఎక్కువగా ఇబ్బంది పెట్టేది బీటా తలసీమియా.

ఆ జన్యువు తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి వస్తుంది. ఒకటి చెడి ఒకటి బాగుంటే మైనర్, అంటే క్యారియర్. ఆ మనిషికి జబ్బేమీ ఉండదు. పొలం పని చేస్తాడు, పిల్లల్ని కంటాడు, నిండు నూరేళ్ళు బతుకుతాడు. రెండూ చెడితే మేజర్. పుట్టినప్పుడు బిడ్డ బాగానే ఉంటుంది, ఎందుకంటే కడుపులో ఉన్నప్పటి హిమోగ్లోబిన్‌కి బీటా గొలుసు అక్కర్లేదు, గామా గొలుసు సరిపోతుంది. ఆరో నెల దాటాక గామా తగ్గి బీటా రావాల్సిన చోట రాదు. అప్పుడు మొదలవుతుంది పాలిపోవడం, పొట్టలో ప్లీహం పెరగడం, సరిగా పాలు తాగకపోవడం.

వెంకటగిరి_మగ్గం

నాకు ఒక డౌటు. బీటా తక్కువైతే హిమోగ్లోబిన్ కాస్త తక్కువ తయారవ్వాలి, అంతే కదా. మనిషిని చంపేంత ఎందుకవుతుంది?

ల్యాబ్_మాష్టారు (నెల్లూరు)

అసలు ప్రశ్న ఇదేనండీ. వెదరాల్‌కి పేరు తెచ్చిన పని కూడా దీని మీదే. 1965లో ఆయన, జాన్ క్లెగ్, మైక్ నాటన్ కలిసి కణంలో ఆల్ఫా ఎంత తయారవుతుంది, బీటా ఎంత తయారవుతుంది అని విడివిడిగా కొలిచే పద్ధతి కనిపెట్టారు. రేడియోధార్మిక అమైనో ఆమ్లాన్ని రక్తకణాలకి ఇచ్చి, ఏ గొలుసులోకి ఎంత పోయిందో లెక్క తీశారు. మామూలు మనిషిలో రెండూ సమానం. బీటా తలసీమియాలో బీటా తక్కువ, ఆల్ఫా మిగిలిపోతుంది. ఆ మిగిలిన ఆల్ఫానే విషం. జత దొరక్క ముద్దలు కట్టి, ఎముక మూలుగలో ఎర్రకణం పూర్తిగా తయారు కాకముందే దాన్ని పగలగొడుతుంది. తయారీ ఆగదు, ఇంకా ఎక్కువ చేయాలని మూలుగ పిచ్చిగా పెరిగి ముఖం ఎముకలు కూడా ఉబ్బుతాయి. చేసిందంతా లోపలే నాశనం.

వెంకటగిరి_మగ్గం

అర్థమైంది. పేక నూలు అయిపోయాక పడుగు ఊరికే ఉండదు, చిక్కుపడి మగ్గాన్నే ఆపేస్తుంది. మా ఇంట్లో రోజూ చూసేదే.

ల్యాబ్_మాష్టారు (నెల్లూరు)

నేను ఇంతకంటే బాగా చెప్పలేను. ఇంకో వింత వినండి. బీటా లోపంతో పుట్టినవాడికే ఆల్ఫా లోపం కూడా ఉంటే జబ్బు ముదరకుండా తేలికగా ఉంటుంది. రెండు లోపాలు ఒక లోపం కంటే మేలు. మిగిలిపోయే ఆల్ఫా తగ్గుతుంది కదా. ఒకే బీటా లోపం ఉన్న ఇద్దరు పిల్లల్లో ఒకడికి నెలనెలా రక్తం ఎక్కించాల్సి రావడం, ఇంకొకడు ఎప్పుడో ఒకసారి ఎక్కించుకుంటూ నెట్టుకురావడం ఎందుకో దీంతో కొంతవరకు తేలింది.

కందుకూరు_అక్క

ఇన్నాళ్ళూ చదివి ఊరుకునేదాన్ని. ఇవాళ రాస్తున్నా. మా చెల్లెలి కొడుకు మేజర్.

వాడు ఎనిమిదో నెలలో పాలిపోయాడు. ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ఐరన్ సిరప్ రాశారు. తగ్గలేదు. పొట్టలో నులిపురుగులన్నారు, మందేశారు. తగ్గలేదు. మళ్ళీ ఐరన్. ఆ పిల్లాడి అమ్మానాన్నల రక్తం ఒకసారి చూద్దాం అని ఎవరికీ తోచలేదు. చెన్నై తీసుకుపోయాక కానీ పేరు తెలీలేదు. అప్పటికి ఒంట్లో రక్తం ఎంత తక్కువుందో చెప్తే మీరు నమ్మరు.

ఇప్పుడు మూడు వారాలకొకసారి రక్తం. దసరా, సంక్రాంతి అని చూసుకోదు అది. ఎండాకాలంలో కాలేజీలకి సెలవులిస్తే రక్తదానం చేసేవాళ్ళు తగ్గుతారు, అప్పుడు మా చెల్లెలు ఫోన్ పట్టుకుని కూర్చుంటుంది. ఈ మధ్య కొత్తగా ఇంకో టెన్షన్, ఒంట్లో ఇనుము. ఎవరైనా దాని గురించి కూడా రాయండి, బంధువులకి చెప్పి చెప్పి నా నోరు పడిపోతుంది. "రక్తం తక్కువ కదా, బెల్లం పెట్టు, బీట్‌రూట్ పెట్టు" అంటారు ప్రతి ఒక్కరూ.

మూలపేట_ఫార్మసీ

అక్కా, నేను రాస్తా. మందుల షాపులో రోజూ వచ్చే ప్రశ్న ఇది.

ఒక సంచి రక్తంలో 200 మిల్లీగ్రాముల పైనే ఇనుము ఉంటుంది. మామూలు మనిషి ఒంట్లోకి తిండి ద్వారా రోజుకి చేరేది 1 నుంచి 2 మిల్లీగ్రాములు. ఎక్కువైన ఇనుముని బయటికి పంపే దారి శరీరానికి లేదు. పది, ఇరవై సంచులు ఎక్కేసరికి అది గుండెలో, కాలేయంలో, హార్మోన్ గ్రంథుల్లో పేరుకుంటుంది. ఈ పిల్లల్లో ప్రాణం తీసేది ఎక్కువగా గుండెలో చేరిన ఇనుమే. ఒంట్లో ఇనుము నిల్వ చెప్పే ఫెరిటిన్ పరీక్ష 1000 దాటితే ఇనుము తీసే మందు మొదలుపెడతారు.

మొదట్లో డెస్ఫెరాల్ ఇంజెక్షన్ ఒక్కటే గతి. పొట్ట చర్మం కింద సూది పెట్టి చిన్న పంపుతో రాత్రంతా ఎక్కించాలి, వారంలో ఐదారు రాత్రులు. పిల్లలు ఏడ్చి పీకేసేవాళ్ళు. తర్వాత డెఫెరిప్రోన్ మాత్ర వచ్చింది. దానికి అమెరికా అనుమతి ఇచ్చింది 2011లో. మన దేశంలో 1990లలోనే వాడకం మొదలైంది. ఇలాంటివి మనవాళ్ళు చెప్పుకోరు ఎందుకో. ఇప్పుడు ఎక్కువగా నడుస్తోంది డెఫెరసిరాక్స్, రోజుకొకసారి మాత్ర.

కాబట్టి బెల్లం, బీట్‌రూట్ చెప్పే బంధువులకి "వాడికి ఇనుము తక్కువ కాదు, ఎక్కువ" అని ఒక్క ముక్క చెప్పండి. డాక్టర్లు అయితే భోజనంతో పాటు టీ తాగినా మంచిదే అంటారు, టీ ఇనుముని ఒంటికి పట్టనివ్వదు.

పొదిలి_పెద్దాయన

అందరూ చదువుకున్నవాళ్ళు, మంచిది. కానీ ఈ థ్రెడ్ పేరులో మేనరికం ఎందుకు ఇరికించారు మాష్టారూ? మాది మేనరికం. మా నాయనది అక్క కూతురు. మా తాతదీ మేనరికమే. అందరం గట్టిగానే ఉండాం. ఆస్తి చెదరదు, పిల్ల కళ్ళ ముందు ఉంటుంది, అత్తగారు మేనత్తే అవుతుంది. ఇదంతా తప్పని డాక్టర్లు చెప్తే ఎట్టా?

ఉదయగిరి_కోట

నమస్తే పెద్దాయనా. నేను జూనియర్ కాలేజీలో జువాలజీ చెప్తాను. తప్పు అని కాదు, లెక్క ఒకటుంది. చూడండి.

మన దేశంలో బీటా తలసీమియా క్యారియర్లు సగటున నూటికి ముగ్గురు నలుగురు ఉంటారని అంచనా. కొన్ని కులాల్లో, కొన్ని ప్రాంతాల్లో ఎక్కువ, కొన్నిచోట్ల తక్కువ. అబ్బాయి క్యారియర్ అనుకుందాం. బయటి సంబంధం చేస్తే అమ్మాయి కూడా క్యారియర్ అయ్యే అవకాశం ఆ మూడు నాలుగు శాతమే.

మేనమామ కూతుర్ని చేసుకుంటే? ఆ జన్యువు అబ్బాయికి తల్లి వైపు నుంచి వచ్చే అవకాశం సగం. తల్లికుంటే ఆమె అన్నకో తమ్ముడికో ఉండే అవకాశం సగం. అతని నుంచి కూతురికి వచ్చేది మళ్ళీ సగం. మొత్తం ఎనిమిదింట ఒకటి, పన్నెండున్నర శాతం. అక్క కూతురైతే నాలుగింట ఒకటి, ఇరవై ఐదు శాతం. ఇద్దరూ క్యారియర్లయితే ప్రతి కానుపులోనూ బిడ్డకి మేజర్ వచ్చే అవకాశం పాతిక శాతం. మొదటి బిడ్డ బాగుంటే రెండో బిడ్డకి లెక్క మారదు, మళ్ళీ పాతికే.

మీ కుటుంబం గట్టిగా ఉందంటే ఆ జన్యువు మీ ఇంట్లో లేకపోయి ఉండొచ్చు, ఉండీ ఇద్దరిలో ఒకే చోట కలవకపోయి ఉండొచ్చు. రెండూ సాధ్యమే.

పొదిలి_పెద్దాయన

లెక్క బాగానే ఉంది. అయితే బయటి సంబంధం చేసుకుంటే ఈ బాధే లేదన్నమాట.

ఉదయగిరి_కోట

అదీ పూర్తిగా నిజం కాదండీ. మనం "బయటి సంబంధం" అనేది కూడా కులం లోపలే చేస్తాం. వందల ఏళ్ళ నుంచి. అంటే ఒక పెద్ద మేనరికమే. 2017లో హైదరాబాదులోని పరిశోధన సంస్థ సీసీఎంబీ శాస్త్రవేత్త తంగరాజ్, హార్వర్డ్ డేవిడ్ రైక్ వాళ్ళ బృందాలు కలిసి దక్షిణాసియాలో చాలా సమూహాల జన్యువులు చూసి ఒక వ్యాసం ప్రచురించారు. చాలా కులాలు కొద్దిమంది పూర్వీకుల నుంచే పెరిగాయనీ, అందుకే ఆ సమూహానికే ప్రత్యేకమైన లోపాలు ఉంటాయనీ అందులో ఉంది. అందులో ఉదాహరణ మన వైశ్యులు. రక్తంలో ఉండే ఒక ఎంజైమ్ తక్కువగా ఉండటం వాళ్ళలో మిగతావాళ్ళకంటే వంద రెట్లు ఎక్కువ. మామూలుగా ఏ ఇబ్బందీ లేదు. ఆపరేషన్‌కి మత్తిచ్చేటప్పుడు కండరాలు వదులయ్యే ఒక రకం మందు ఇస్తే మాత్రం చాలాసేపు ఊపిరి తీసుకోలేరు. మత్తు డాక్టరుకి ముందే చెబితే వేరే మందు ఇస్తారు, కథ అక్కడితో సరి. ఇది తలసీమియా కాదు, కానీ సూత్రం అదే.

కావలి_కుర్రోడు

ఇంత చేటు చేసే జన్యువు ఇన్ని వేల ఏళ్ళు ఎట్టా బతికింది సార్? మేజర్ పిల్లలు పాతకాలంలో చిన్నప్పుడే పోయేవాళ్ళు కదా. దాంతో పాటే అదీ పోవాలి.

ల్యాబ్_మాష్టారు (నెల్లూరు)

బాబూ, నువ్వు కామర్స్ ఎందుకు తీసుకున్నావో నాకు తెలీదు. ఈ ప్రశ్నకి 1949లో జవాబు ఊహించినవాడు జె.బి.ఎస్. హాల్డేన్. తర్వాత ఇండియాకి వచ్చి ఇక్కడి పౌరుడై భువనేశ్వర్‌లో 1964లో పోయాడు, ఆ హాల్డేనే. ఆయన అన్నది, క్యారియర్లని మలేరియా అంతగా పట్టదు కాబట్టి మలేరియా ఉన్నచోట వాళ్ళు ఎక్కువ బతికి జన్యువుని నిలబెడతారని. 1954లో ఆంథనీ అల్లిసన్ ఆఫ్రికాలో సికిల్ సెల్ అనే ఇంకో రక్తం జబ్బు విషయంలో దీనికి రుజువు చూపించాడు. తలసీమియా విషయంలో గట్టి ఆధారం 1980లలో వచ్చింది. వెదరాల్ బృందం పాపువా న్యూగినీ నుంచి దక్షిణంగా దీవుల వెంట పోయి రక్తం సేకరించింది. ఉత్తరాన మలేరియా ఎక్కువ, దక్షిణానికి పోయేకొద్దీ తక్కువ. ఆల్ఫా తలసీమియా కూడా సరిగ్గా అదే వరసలో తగ్గుతూ వచ్చింది.

మన నల్లమల వైపు, గిద్దలూరు అడవుల వైపు చలిజ్వరాల సంగతి పెద్దవాళ్ళని అడగండి. ఏ జన్యువు ఎక్కడ ఎందుకు మిగిలిందో ఆలోచించడానికి అది చాలు.

మార్కాపురం_పలక

సికిల్ సెల్ అన్నారు కదా, అదీ ఇదీ ఒకటేనా? 2023లో కేంద్రం సికిల్ సెల్ మిషన్ అని మొదలుపెట్టింది, 2047 లోపు నిర్మూలన అని.

ల్యాబ్_మాష్టారు (నెల్లూరు)

ఒకే బీటా జన్యువు. తలసీమియాలో గొలుసు తక్కువ తయారవుతుంది. సికిల్ సెల్‌లో సరిపడా తయారవుతుంది కానీ ఆరో స్థానంలో గ్లుటామిక్ ఆమ్లం బదులు వాలిన్ పడుతుంది. ఆ ఒక్క మార్పుని 1950లలో వెర్నన్ ఇంగ్రామ్ పట్టుకున్నాడు. మన దేశంలో సికిల్ సెల్‌ని 1952లో నీలగిరి గిరిజనుల్లో మొదట గుర్తించారు. తల్లి నుంచి సికిల్, తండ్రి నుంచి తలసీమియా వస్తే రెండూ కలిసిన జబ్బు వస్తుంది, అదీ తక్కువదేమీ కాదు. కాబట్టి మిషన్ వాళ్ళు ఊళ్ళోకి వచ్చి పరీక్ష చేస్తామంటే చేయించుకోండి.

ఆయుర్_ఆనంద్

మిత్రులారా, ఈ జబ్బుకి భయపడాల్సిన పని లేదు. గోధుమగడ్డి రసం, మా దగ్గర తయారయ్యే లేహ్యం 90 రోజులు వాడితే రక్తం ఎక్కించే పనే ఉండదు. వివరాలకు ఫోన్: [తొలగించబడింది]

మోడరేటర్

ఫోన్ నంబరు తీసేశాం. ఈ వేదికలో మందుల అమ్మకం కుదరదు. ఇంకోసారి పెడితే సభ్యత్వం రద్దు.

కందుకూరు_అక్క

థాంక్యూ మోడరేటర్ గారూ. ఆనంద్ గారూ, ఇట్టాంటి లేహ్యం మాట నమ్మి మా ఊళ్ళో ఒకాయన రెండు నెలలు కొడుక్కి రక్తం ఆపాడు. తర్వాత ఏమైందో ఇక్కడ రాయను. మీరు ఇక్కడి నుంచి పోండి.

మైపాడు_అల

మరి ఆ జీన్ ఎడిటింగ్ సంగతేంది? యూట్యూబ్‌లో ఒకటే వీడియోలు, తలసీమియాకి మందు కనిపెట్టేశారు అని.

ఉదయగిరి_కోట

కనిపెట్టిన మాట నిజమే. పైన మాష్టారు చెప్పిన గామా గొలుసు గుర్తుందా? పుట్టాక అది తగ్గిపోతుంది. ఎవరు ఆపుతున్నారు దాన్ని? హార్వర్డ్‌లో స్టువర్ట్ ఆర్కిన్, విజయ్ శంకరన్ వాళ్ళు 2008లో బీసీఎల్11ఏ అనే జన్యువు ఆ స్విచ్ అని చూపించారు. రోగి మూలుగలో రక్తం పుట్టించే మూలకణాలు తీసి, ఎర్రకణాల్లో ఆ స్విచ్ పనిచేయకుండా కత్తిరించి, తిరిగి ఎక్కిస్తే గామా మళ్ళీ మొదలవుతుంది. మిగిలిపోయిన ఆల్ఫాకి జత దొరుకుతుంది. 1965లో కొలిచిన ఆ తేడాని 2023లో సరిచేస్తున్నారు. కాస్‌జెవీ అని పేరు, మొదట బ్రిటన్, తర్వాత అమెరికా అనుమతిచ్చాయి.

ధర అమెరికాలో 22 లక్షల డాలర్లు. రూపాయల్లోకి మీరే మార్చుకోండి, నాకు ధైర్యం లేదు. పైగా తిరిగి ఎక్కించే ముందు గట్టి కీమో ఇచ్చి పాత మూలుగ ఖాళీ చేయాలి.

మనకి దగ్గర్లో ఉన్న దారి మూలుగ మార్పిడి. వెల్లూరు సీఎంసీలో డాక్టర్ మామెన్ చాందీ 1986లో మొదలుపెట్టారు. తోబుట్టువు హెచ్ఎల్ఏ, అంటే కణాల మీద ఉండే గుర్తులు, కలవాలి, ఒక్కో తోబుట్టువుతో కలిసే అవకాశం పాతిక శాతం. చిన్న వయసులో, ఇనుము పేరుకోకముందు చేస్తే ఫలితం బాగుంటుంది. గూడూరు, రేణిగుంట మీదుగా కాట్పాడి పోయే మన రైళ్ళలో ఎప్పుడు చూసినా ఆ ఆసుపత్రి ఫైళ్ళు పట్టుకున్నవాళ్ళు కనిపిస్తారు.

కందుకూరు_అక్క

మావాడికి అక్క ఉంది. కలవలేదు.

ఒంగోలు_గిత్త

కొత్త సభ్యుణ్ణి. మా తమ్ముడికి సంబంధం చూస్తున్నాం, మా మేనమామ కూతురే. ఉద్యోగం కోసం వాడికి సీబీపీ (రక్తకణాల పరీక్ష) చేయిస్తే హిమోగ్లోబిన్ 11.2, ఎంసీవీ (ఎర్రకణం సైజు) 63, ఎర్రకణాలు 60 లక్షలు. ఐరన్ మాత్రలు వాడమన్నారు, వాడుతున్నా అదే నంబరు. ఇది అదేనా?

ల్యాబ్_మాష్టారు (నెల్లూరు)

చూడకుండా చెప్పకూడదు గానీ, ఆ కాగితం నా చేతికొస్తే నేను ఆగేవాణ్ణి. ఐరన్ తక్కువైతే కణం చిన్నదవుతుంది, సంఖ్య కూడా తగ్గుతుంది. తలసీమియా మైనర్‌లో కణం చిన్నదే, సంఖ్య మాత్రం మామూలుగానో ఎక్కువగానో ఉంటుంది. మెంట్జర్ లెక్క అని ఒకటుంది. ఎంసీవీని ఎర్రకణాల సంఖ్యతో భాగించాలి, సంఖ్యని పది లక్షల్లో తీసుకుని. 63ని 6తో భాగిస్తే 10.5. 13 కంటే తక్కువొస్తే తలసీమియా వైపు అనుమానం. ఇది అనుమానమే, నిర్ధారణ కాదు.

నిర్ధారణకి హెచ్‌పీఎల్‌సీ పరీక్ష, హిమోగ్లోబిన్ రకాల్ని విడగొట్టి కొలిచేది. అందులో హెచ్‌బీఏ2 అనే భాగం 4 శాతానికి పైన ఉంటే క్యారియర్. 3.5కీ 4కీ మధ్య వస్తే డాక్టరు ఇంకా చూడమంటారు. ఐరన్ బాగా తక్కువ ఉన్నవాళ్ళలో ఏ2 దొంగగా తగ్గి కనిపించొచ్చు, అందుకే ఫెరిటిన్ కూడా కలిపి చూస్తారు.

యంత్రం లేని చోట మేం నెస్ట్రాఫ్ట్ చేసేవాళ్ళం. 0.36 శాతం ఉప్పునీళ్ళు గాజు గొట్టంలో పోసి చుక్క రక్తం వేసి అరగంట ఉంచాలి. గొట్టం వెనక తెల్లకాగితం మీద నల్లగీత పెట్టి చూడాలి. మామూలు కణాలు పగిలిపోయి నీళ్ళు తేటగా అయి గీత కనపడుతుంది. తలసీమియా కణాలు అంత తేలిగ్గా పగలవు, నీళ్ళు మసకగా ఉండి గీత కనపడదు. దీనికి కరెంటు కూడా అక్కర్లేదు. వెదరాల్ కారు బ్యాటరీలతో చేసిన రోజుల తర్వాత ఇంత తేలికైన పరీక్షలు వచ్చాక కూడా ఒక జిల్లాలో పిల్లాడికి పేరు పెట్టడానికి చెన్నై పోవాల్సి రావడం నాకు మింగుడు పడదు.

కనిగిరి_నీళ్ళు

మా వైపు ఫ్లోరైడ్ నీళ్ళ వల్ల కూడా ఇట్టాంటి రిపోర్టు వస్తుందా మాష్టారూ? మాకు ఏ నొప్పొచ్చినా ఫ్లోరైడ్ మీదికే తోస్తాం.

ల్యాబ్_మాష్టారు (నెల్లూరు)

ఫ్లోరైడ్‌కి పళ్ళు, ఎముకల గొడవ వేరే ఉంది. దాని వల్ల హెచ్‌బీఏ2 పెరగదు.

పొదిలి_పెద్దాయన

గిత్త బాబూ, మాట అడుగుతా. ఈ పరీక్ష సంగతి ఆడపిల్లవాళ్ళకి చెప్తే సంబంధం ఉంటుందా? ఊరంతా అంటుకుంటుంది. "వాళ్ళింట్లో రక్తంలో ఏదో ఉందంట" అని. రేపు చెల్లెలి పెళ్ళి కూడా ఆగుతుంది. మీరంతా శాస్త్రం చెప్తున్నారు, ఊళ్ళో ఉండేది మేం.

కందుకూరు_అక్క

పెద్దాయనా, మీరు చెప్పేది నిజం. మా చెల్లెలి అత్తగారింట్లో మూడేళ్ళు అదే నడిచింది. పిల్లాడికి జబ్బు తల్లి వల్ల వచ్చిందని. వాళ్ళ కొడుకు కూడా క్యారియరే అని డాక్టరు రాసిచ్చినా ఆ కాగితం బీరువాలోనే ఉండిపోయింది. ఇద్దరి దగ్గరా ఉంటే తప్ప మేజర్ రాదు. ఒక్కరి మీద వేయడం కుదరదు.

ఇంకో మాట. సంబంధం చూసేటప్పుడు బంగారం ఎంత, పొలం ఎన్ని ఎకరాలు, పిల్ల రంగు ఏంది అని అడగడానికి సిగ్గుపడని మనం, ఏ2 ఎంత అని అడగడానికి సిగ్గుపడుతున్నాం. మొదట మగపిల్లాడికి చేయండి. మామూలుగా వస్తే అమ్మాయిని అడగనే అక్కర్లేదు.

ఉదయగిరి_కోట

అక్క చెప్పిన క్రమం బాగుంది. ఒక్క సవరణ, సికిల్ లాంటివి కూడా ఒకే రిపోర్టులో చూసుకోవాలి.

పెద్దాయన భయానికి సైప్రస్ సంగతి చెప్తా. చిన్న ద్వీపం, ఏడుగురిలో ఒకరు క్యారియర్. 1970లలో పరీక్షలు మొదలుపెట్టారు. తర్వాత చర్చిలో పెళ్ళి కావాలంటే పరీక్ష చేయించుకున్న సర్టిఫికెట్ చూపాలన్నారు. రిజల్టు ఏమిటో పూజారికి చూపక్కర్లేదు, చేయించుకుంటే చాలు. ఇద్దరూ క్యారియర్లని తేలినా చాలామంది పెళ్ళి మానుకోలేదు. గర్భం వచ్చాక 10, 12 వారాలకి మాయ ముక్క తీసి పరీక్ష చేయించుకుని నిర్ణయం తీసుకున్నారు. కొత్తగా పుట్టే మేజర్ పిల్లలు దాదాపు లేకుండా పోయారు. ఇటలీ సార్డీనియాలో ఆంటోనియో కావో అనే పిల్లల డాక్టరు నడిపిన కార్యక్రమంలో 250 మందికి ఒకరు పుట్టేది 4000 మందికి ఒకరికి పడిపోయింది.

అక్కడ గుట్టు ఎందుకు పెద్ద సమస్య కాలేదంటే అందరూ చేయించుకున్నారు. ఒక్క ఇల్లే చేయిస్తే ఊరు మాట్లాడుతుంది. అందుకే నేను మా ఇంటర్ పిల్లలందరికీ ఒకేసారి చేయిద్దామని ప్రిన్సిపాల్ గారిని అడుగుతున్నా, తల్లిదండ్రుల అనుమతితో, రిపోర్టు ఎవరిది వాళ్ళకే ఇచ్చేలా. ఆయన ఇంకా ఔననలేదు.

ల్యాబ్_మాష్టారు (నెల్లూరు)

ఆ పని జరిగితే నన్ను పిలవండి, రక్తం తీయడానికి నేనొస్తా. వెదరాల్ 2018లో పోయాడు. ఆక్స్‌ఫర్డ్‌లో 1989లో పెట్టిన సంస్థకి ఇప్పుడు ఆయన పేరే ఉంది. కానీ ఆయన చివరి దశాబ్దాల్లో చాలా సమయం పెట్టింది శ్రీలంకలో, కురునేగల తలసీమియా కేంద్రంతో కలిసి. అక్కడ ఈ-బీటా అనే రకం పిల్లల్ని ఏళ్ళ తరబడి గమనించి, కొందరికి అలవాటుగా ఎక్కిస్తున్న రక్తం నిజానికి అవసరం లేదని చూపించారు. పేద దేశంలో ఒక సంచి రక్తం మిగలడం అంటే ఏమిటో కందుకూరు అక్కకి చెప్పక్కర్లేదు.

కందుకూరు_అక్క

చెప్పక్కర్లేదు మాష్టారూ. ఇంకో సంగతి, తెలీనివాళ్ళ కోసం. 2016 వికలాంగుల చట్టంలో తలసీమియా, హీమోఫిలియా, సికిల్ సెల్ మూడూ ఉన్నాయి. సదరం (వికలాంగుల) సర్టిఫికెట్‌కి అప్లై చేయండి. రక్తం ఈ పిల్లలకి ఉచితంగా ఇవ్వాలని నిబంధన కూడా ఉంది, బ్లడ్ బ్యాంకులో గట్టిగా అడగండి.

ఒంగోలు_గిత్త

అందరికీ థాంక్స్. మా తమ్ముడికి చెప్పా, ముందు వాడు చేయించుకుంటానన్నాడు. మామయ్యకి ఇంకా చెప్పలేదు, అది మా అమ్మ చెప్తుంది. ఒక చిన్న ప్రశ్న. హెచ్‌పీఎల్‌సీకి పరగడుపున పోవాలా? ఐరన్ మాత్రలు ఆపాలా?

ల్యాబ్_మాష్టారు (నెల్లూరు)

పరగడుపు అక్కర్లేదు. ఊదా మూత గొట్టంలో రెండు మూడు మిల్లీలీటర్లు చాలు. మాత్రలు ఆపమని నేను చెప్పను, వాడుతున్నట్టు ఫారం మీద రాయించండి. గత మూడు నెలల్లో రక్తం ఎక్కించుకుని ఉంటే మాత్రం ముందే చెప్పాలి, ఎక్కించిన రక్తం దాత ఏ2ని చూపిస్తుంది. రిపోర్టులో గ్రాఫు కాగితం కూడా అడిగి తీసుకోండి, ఉత్త నంబరు మాత్రమే ఇస్తే ఒప్పుకోవద్దు. డాక్టరు చూసేది ఆ గ్రాఫునే.

కావలి_కుర్రోడు

నాకూ చేయించుకోవాలనిపిస్తుంది. మాదీ మేనరికమే, అమ్మా నాన్న. ఒంగోల్లో చేస్తారా, నెల్లూరు రావాలా?

ల్యాబ్_మాష్టారు (నెల్లూరు)

కావలి నుంచి ఎటైనా ఒకటే. ఇక్కడ కాలేజీ ఆసుపత్రి ల్యాబ్‌లో అడుగు. బయట ప్రైవేటు ల్యాబుల్లో అయితే రక్తం తీసి హైదరాబాదో చెన్నైయో పంపుతారు, రిపోర్టుకి రెండు మూడు రోజులు పట్టొచ్చు. సీబీపీ కూడా అదే రోజు చేయించు, రెండూ కలిపి చూస్తేనే పని.